మొరాయించిన పవర్ ఫీడ్

జూన్ 4

ప్రశ్నల పుట్టకి,

నీ ఒంట్లో ఎలా ఉందని అడగను. అడిగితే రెండు పేజీలు రాస్తావు, చదివే ఓపిక నాకిప్పుడు లేదు. నేను బాగానే ఉన్నాను. మిషనుకే బాగా లేదు.

నా మిల్లింగ్ మిషనులో, ముక్క బిగించిన టేబుల్‌ని కట్టర్ కింద దానంతటదే జరిపే పవర్ ఫీడ్ చచ్చింది. లివరు ఎటు నెట్టినా టేబుల్ కదలదు. పైన కట్టర్ మాత్రం శుభ్రంగా తిరుగుతోంది. టేబుల్ కొసన మోటారూ బోర్డూ ఉండే నల్ల డబ్బా ఉంది కదా, దాని మీద ఎర్ర దీపం కూడా వెలుగుతోంది. దీపాలు వెలుగుతూ పని జరగనివి ఆఫీసులు మాత్రమే అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఇప్పుడు టేబుల్‌ని చేత్తోనే నడుపుతున్నాను. పొడుగు ముక్క చెక్కాలంటే హ్యాండిల్ తిప్పీ తిప్పీ కుడి భుజం పీకేస్తోంది. మీ అన్నయ్యకి ఇదే అదనైంది. లేతు మీంచి తలెత్తకుండా, "ఆ మిల్లింగ్ అమ్మేద్దాం, లేతు పని ఇద్దరికీ చాలు" అన్నారు. అని ఊరుకున్నారా? పాత మిషన్ల వ్యాపారికి కబురు కూడా పెట్టారు. ఆయన వచ్చే నెలాఖరుకి వచ్చి చూసుకుంటాడట.

పెళ్లైన కొత్తలో ఈ షెడ్డులోకి వచ్చి చీపురు తప్ప ఏదీ పట్టుకోవడం రాని దాన్ని, ఆ మిషను మీద మనిషినయ్యాను. మీ అన్నయ్యకి ఇప్పటికీ దాని మీద చెయ్యి తిరగదు. అది పోతే నేను షాపులో కూర్చుని ఏం చెయ్యాలి, షట్టరుకి నూనె రాయాలా? నాకు ఈ మిషను పోకూడదు, అంతే. నువ్వు రోజూ లిఫ్టుల బోర్డులు బాగుచేస్తావు. ఇదీ బోర్డే. ఏం చెయ్యాలో చెప్పు.

ఫోన్ మాత్రం చెయ్యకు. ఫోన్‌లో నువ్వు రైలు పోతున్నట్టు మాట్లాడతావు. కాగితం మీద రాస్తే పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే చేసుకుంటాను.

ఫీడ్ చచ్చే ముందు కట్టర్ ఒకటి విరిగి, ముక్క వెళ్లి గోడకున్న చెక్కలో దిగబడింది. ఈ మధ్య వచ్చే కట్టర్లన్నీ నాసిరకం.

నీ వదిన


జూన్ 9

వదినా,

నేను రైలైతే నువ్వు స్టేషనులో ఆగని ఎక్స్‌ప్రెస్సువి. ఒక్క ఉత్తరంలో మిషనునీ అన్నయ్యనీ ఆఫీసులనీ కట్టర్ల కంపెనీలనీ ఉతికేశావు.

ముందు నాకర్థమైంది సరేనా చూడు. నువ్వు లివరు నెడితే బోర్డు మీద రిలే అనే చిన్న పెట్టె మూసుకుంటుంది. అది మూసుకుంటే మోటారుకి కరెంటు వెళుతుంది, మోటారు టేబుల్‌ని లాగుతుంది. ఎర్ర దీపం బోర్డు దాకా కరెంటు వచ్చిందని మాత్రమే చెబుతుంది, మోటారు దాకా వెళ్లిందని కాదు.

రిలే మూసుకునేటప్పుడు టక్కుమని సన్నగా చప్పుడవుతుంది. మా వర్క్‌షాపు మేడ మీద ఉందా, కింద దర్జీల కుట్టుమిషన్లు రోజంతా టకటకలాడుతుంటాయి. అంత గోలలో కూడా నేను రిలే చప్పుడు పట్టుకుంటాను. కట్టర్ ఆపేసి, డబ్బా దగ్గర చెవి పెట్టి, లివరు నెట్టు. టక్కుమంటే బోర్డు బతికుంది, రోగం మోటారులో ఉంది. అనకపోతే రోగం బోర్డులోనే. అదొక్కటి తెలిస్తే సగం దారి వచ్చేసినట్టే.

తర్వాత ప్లగ్గు పీకేసి ఫ్యూజు చూడు. ప్లగ్గు పీకేసి అన్నాను. నీ తొందర నాకు తెలుసు.

అన్నయ్యకి అమ్మేంత కోపం మిషను మీద ఎందుకొచ్చింది? వాడు పాత గొడుగు కూడా పారెయ్యడు కదా.

నీ ఆడపడుచు


జూన్ 13

అమ్మాయ్,

చెవి పెట్టాను. లివరు అటు నెట్టాను, ఇటు నెట్టాను. టక్కూ లేదు, టిక్కూ లేదు. పూర్తిగా నిశ్శబ్దం. ఫ్యూజు బాగానే ఉంది. ప్లగ్గు పీకాకే చూశాను, కంగారు పడకు.

అయితే నువ్వన్న ప్రకారం బోర్డు పోయినట్టేగా? డబ్బా మూత విప్పి, వైర్లు ఏవి ఎక్కడ ఉన్నాయో బొమ్మ గీసుకుని, బోర్డు ఊడదీశాను. ఇనప రజనూ నూనే కలిసి మూత లోపల నల్ల ముద్దలా పేరుకుంది. మెత్తని గుడ్డలో చుట్టి ఈ ఉత్తరంతో పాటే పార్సెల్ పంపిస్తున్నాను. బాగుచేసి పంపు. నెలాఖరు వ్యాపారి నా కళ్లలో తిరుగుతున్నాడు.

ఇంకో వింత. ఈ మధ్య మధ్యాహ్నం టీ మీ అన్నయ్యే పెడుతున్నారు. నేనడగలేదు. గ్లాసు తెచ్చి మిషను పక్కన పెట్టి, నా భుజం వైపు ఒకసారి చూసి వెళ్లిపోతున్నారు. మిషను అమ్ముతున్నందుకు మొహం చెల్లక కాబోలు. టీ మాత్రం బాగుంటోంది, అదే నా బాధ.

నీ వదిన


జూన్ 20

వదినా,

బోర్డు అందింది. గుడ్డతో సహా నూనె వాసన. మా ఆఫీసు గుమస్తా, "పకోడీలు పంపించారా మీ వాళ్లు?" అని అడిగాడు.

దాన్ని కడిగి, ఆరబెట్టి, నా బల్ల మీద కరెంటిచ్చి చూశాను. వదినా, నీ బోర్డుకి ఏ రోగమూ లేదు! లివరు బదులు రెండు వైర్లు ఆనిస్తే చాలు, రిలే ఠంచనుగా టక్కుమంటోంది. మోటారు బదులు బల్బు పెట్టాను. వెలిగింది. స్పీడు తిప్పే మీట తిప్పితే వెలుతురు తగ్గింది, పెరిగింది. రోజంతా ఆన్ చేసి ఉంచాను. మధ్యలో ఒక లిఫ్టు బోర్డు నా చేతుల్లోనే ప్రాణం వదిలింది గానీ ఇది మాత్రం చెక్కు చెదరలేదు.

మరి నీ దగ్గర ఎందుకు మూగబోయింది? ఇది నన్ను తినేస్తోంది. లివరు కింది స్విచ్చు నుంచి బోర్డుకి వచ్చే వైరు తెగిందేమో. ఈ ఉత్తరంతో తిరిగి పంపిన బోర్డు బిగించి, ఆ వైర్లు ఒక్కొక్కటే లాగి చూడు. అన్నయ్యని కూడా పిలిచి ఒకసారి వినమను. నాలుగు చెవులు మంచివి.

నీ ఆడపడుచు


జూన్ 26

అమ్మాయ్,

నీ బల్ల మీద పాటలు పాడిన బోర్డు నా దగ్గరికి రాగానే మౌనవ్రతం పట్టింది. వైర్లన్నీ లాగి చూశాను, గట్టిగానే ఉన్నాయి. లివరు నెడితే మళ్లీ అదే నిశ్శబ్దం.

నువ్వు చెప్పావని మీ అన్నయ్యని పిలిచాను. ఆయన వంగి, "టక్కుమంది కదే" అన్నారు. ఏదీ, మళ్లీ నెట్టాను. "అదిగో, మళ్లీ టక్కుమంది" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "మీకు వినాలనుంది కాబట్టి వినపడుతోంది. బోర్డు బాగుంది, బాగుచెయ్యడానికేమీ లేదంటే నేను నోరు మూసుకుని మిషను అమ్మనిస్తాననా?" అన్నాను. ఆయన ఏదో గొణిగి లేతు దగ్గరికి వెళ్లిపోయారు. పక్క బోల్టుల షాపాయన తగుదునమ్మా అని వచ్చి, తనకీ వినపడిందన్నాడు. ఆయన ఎప్పుడూ మీ అన్నయ్య పార్టీయే.

ఒక మాట అడుగుతాను, దాచకుండా చెప్పు. మీ అన్నయ్య నీకు విడిగా ఉత్తరం రాశారా? బోర్డు బాగుందని నువ్వు రాస్తావు, చప్పుడు వినపడుతోందని ఆయన అంటారు. అన్నాచెల్లెళ్లు ఒక్కటై నన్ను షట్టరు దగ్గర కూర్చోబెడదామనుకుంటే ఆ మాట మొహమ్మీద చెప్పండి. బోర్డుల సాకు వద్దు.

వ్యాపారి ముందే మనిషిని పంపించాడు. వాడు మిషను చుట్టూ తిరిగి టేపుతో కొలుచుకుని వెళ్లాడు.

వదిన


జూన్ 30

వదినా,

"నీ వదిన" అని రాసేదానివి, ఈసారి వట్టి "వదిన" అని రాశావు. నాకు కనపడదనుకున్నావా?

అన్నయ్య నాకు ఉత్తరం రాసి ఏడాది దాటింది. వాడు రాయడు, సంతకం పెట్టడానికే బద్ధకిస్తాడు. నేను నీ మిషను పార్టీ. ఈ మాట ఇంకోసారి అడిగించుకోను.

ఇప్పుడు వేరే పద్ధతిలో చూద్దాం. చప్పుళ్ల గొడవ పక్కన పెట్టెయ్. షెడ్డులో వంద మోతలు, ఏ చెవినీ నమ్మక్కర్లేదు. డబ్బా మూత పైన, సరిగ్గా రిలే ఉన్న చోట, రెండు వేళ్లు ఆనించు. రెండో చేత్తో లివరు నెట్టు. రిలే మూసుకుంటే వేలికి చీమ కుట్టినంత అదురు తెలుస్తుంది.

అదురు తెలిస్తే, ప్లగ్గు పీకేసి మోటారుకి రా. మోటారుకి రెండు పక్కలా గోళీ అంత నల్ల మూతలు ఉంటాయి, స్క్రూడ్రైవరుతో విప్పే గాడి ఉంటుంది. ఒక్కొక్క మూత కింద ఒక స్ప్రింగు, దాని కింద పెన్సిలు ముక్కంత బొగ్గు. తిరిగే భాగానికి కరెంటు అందించేది ఆ బొగ్గులే. అరిగి అరిగి పొట్టివైతే కరెంటు అందదు, బోర్డు ఎంత బాగున్నా మోటారు కదలదు. రెండూ విప్పి, ఎంత మిగిలాయో చెప్పు.

నేను మొదటి ఉత్తరంలోనే మోటారు కూడా చూడమని రాయాల్సింది. ఒక్క టక్కు మీదే అంతా నిలబెట్టాను.

నీ ఆడపడుచు


జూలై 3

అమ్మాయ్,

వేళ్లు ఆనించాను. అదిరింది! అటు నెడితే అదిరింది, ఇటు నెడితే అదిరింది. పది పదిహేనుసార్లు నెట్టి ఉంటాను, చిన్నపిల్లలా. బోర్డు బతికే ఉంది.

తర్వాత మూతలు విప్పాను. ఒక పక్క స్ప్రింగూ బొగ్గూ పొందిగ్గా ఉన్నాయి. బొగ్గు ఇంకా చాలా మిగిలి ఉంది. రెండో పక్క ఖాళీ. పొట్టి బొగ్గు కాదు, విరిగిన బొగ్గు కాదు, అసలేమీ లేదు. టార్చి వేసి చూశాను, వట్టి కన్నం. స్ప్రింగు కూడా లేదు. మూత మాత్రం భద్రంగా బిగించి ఉంది.

దొంగైతే మిషనునే ఎత్తుకుపోతాడు గానీ ఒక బొగ్గు ముక్కని ఎత్తుకుపోతాడా? అరిగి మాయమైందంటావా? నాకు బుర్ర తిరుగుతోంది. నీకు ఏమన్నా తోస్తోందా?

ఇంకొకటి కూడా అడగాలి. నువ్వు చెవులు మానేసి వేళ్లు ఆనించమని ఎందుకు రాశావు?

నీ వదిన


జూలై 6

వదినా,

అరిగిన బొగ్గు పొడి వదులుతుంది, కనీసం బిళ్లంత ముక్క వదులుతుంది. స్ప్రింగు అరగదు, ఆవిరైపోదు. పైగా మూత తిరిగి బిగించి ఉంది. ఇది మిషను చేసిన పని కాదు, మనిషి చేసిన పని. స్క్రూడ్రైవరు పట్టడం తెలిసిన మనిషి, గాడి చెడకుండా విప్పి బిగించిన మనిషి. ఆ షెడ్డులో నీకు తెలియకుండా నీ మిషను దగ్గరికి రాగలిగినవాడు నాకు ఒక్కడే కనిపిస్తున్నాడు. వాడు ఈ మధ్య టీ కూడా పెడుతున్నాడు.

ఎందుకు చేశాడో నాకు తెలియదు. అడుగు. అరవకుండా అడుగు.

రెండో ప్రశ్నకి జవాబు రాయడానికి మూడు కాగితాలు చింపాను. నీకు సన్నటి చప్పుళ్లు వినపడటం లేదేమోనని అనుమానం వచ్చింది వదినా. బోర్డు నా బల్ల మీద టక్కుమంది, అన్నయ్యకి వినపడింది, బోల్టులాయనకి వినపడింది. నీకొక్కదానికే వినపడలేదు. అప్పుడు ఫోన్ వద్దన్న సంగతి కూడా గుర్తొచ్చింది. సూటిగా అడగడానికి నోరు రాక వేళ్లు ఆనించమన్నాను. నిన్ను మోసం చేసినట్టు అనిపించింది, అందుకే ఇప్పుడు చెప్పేస్తున్నాను. నామీద కోపం వస్తే రానీ. ఉత్తరం మాత్రం మానకు.

నీ ఆడపడుచు


జూలై 9

అమ్మాయ్,

కోపం వచ్చింది. నీ ఉత్తరం మడిచి పనిముట్ల డబ్బాలో పడేసి, సాయంత్రం దాకా హ్యాండిల్ తిప్పుతూనే ఉన్నాను. తర్వాత మీ అన్నయ్య లేతు ఆపి చేతులు తుడుచుకుంటుంటే ఎదురుగా వెళ్లి నిలబడి, ఖాళీ కన్నం మూత ఆయన అరచేతిలో పెట్టాను.

ఆయన తన లేతు సొరుగు తీసి, అట్టడుగు నుంచి బొగ్గూ స్ప్రింగూ తెచ్చి మూత పక్కన పెట్టారు. గుడ్డ ముక్కలో చుట్టి దాచారు, బంగారమైనట్టు.

"నీకు కట్టర్ అరుపు వినపడటం లేదు" అన్నారు. "ఫీడ్ ఎక్కువైతే అది కేకలు పెడుతుంది. షెడ్డంతా వినపడుతుంది. నువ్వు పక్కనే ఉండి అలాగే నడిపేస్తున్నావు. ఆ రోజు విరిగిన ముక్క చెక్కలో దిగింది. నీ తల జానెడు ఇటుంటే? చేత్తో తిప్పితే బరువు చేతికి తెలుస్తుంది, ఆపేస్తావని తీసేశాను."

అమ్మాయ్, కట్టర్ నాసిరకం కాదు. నేనే దాన్ని విరగ్గొట్టాను.

"మరి అమ్మకం ఎందుకు?" అన్నాను. "చేత్తో తిప్పి భుజం పాడు చేసుకుంటున్నావు. అదీ చూడలేకపోయాను" అన్నారు.

"ఈ ముక్క నాతో చెప్పొచ్చుగా!" అని అరిచాను. ఆయనేమన్నారో తెలుసా? "రెండుసార్లు చెప్పాను. నువ్వు ఆ, ఆ అని తలూపి నీ పని నువ్వు చూసుకున్నావు. మూడోసారి అరిచి చెప్పాలి. అది అరిచి చెప్పే మాటా? పక్క షాపులన్నీ వింటాయి."

నేను నిజంగానే తలూపుతాను. వినపడనప్పుడల్లా తలూపుతాను. ఎప్పటినుంచి అలవాటైందో నాకే తెలియదు. నాకు ఏడుపొచ్చింది. ఆయన నన్ను మోసం చేసినందుకా, ఇంతగా భయపడినందుకా, లేక నా చెవుల కోసమా అన్నది విడదీసి చెప్పలేను. ఆయన మీద కోపం మాత్రం పోలేదు. నా మిషను గుండె తీసి సొరుగులో దాచుకునే హక్కు ఎవరిచ్చారు?

బొగ్గు ఇప్పుడు నా దగ్గరుంది. ఇంకా బిగించలేదు. బిగిస్తే ఫీడ్ నడుస్తుంది, నాకు వినపడకుండానే నడుస్తుంది. ఏం చెయ్యమంటావు?

నీ వదిన


జూలై 13

వదినా,

అన్నయ్యని తిట్టాల్సింది తిట్టి వాడికి విడిగా ఉత్తరం రాశాను. జవాబు రాయడు గానీ చదువుతాడు.

ముందు చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లు. ఇది సలహా కాదు.

తర్వాత ఈ పార్సెల్ విప్పు. లోపల కరెంటు కొలిచే మీటరు ఒకటి ఉంది. పాత లిఫ్టు ప్యానెల్లోంచి తీసింది, ముల్లు పెద్దది, దూరం నుంచి కూడా కనపడుతుంది. కట్టర్ తిప్పే పెద్ద మోటారు వైరుకి దీన్ని ఎలా కలపాలో బొమ్మ గీశాను. అక్కడ కరెంటు జోరు ఎక్కువ, ప్లగ్గు పీకడమే కాదు, మెయిన్ కూడా ఆపాలి. కలిపేటప్పుడు అన్నయ్యని పక్కన నిలబెట్టుకో.

కట్టర్‌కి బరువెక్కితే దాని మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, ముల్లు పైకి లేస్తుంది. అరుపు చెవికి రాకపోతే కంటికి వస్తుంది. ఏ ముక్కకి ముల్లు ఎక్కడుంటే క్షేమమో, ఎక్కడికొస్తే ప్రమాదమో నాకు తెలియదు. అది నువ్వే నెమ్మదిగా నడిపి కనిపెట్టాలి. కనిపెట్టాక నాకు రాయి, తెలుసుకోవాలని ఆత్రంగా ఉంది.

నీ ఆడపడుచు


జూలై 30

ప్రశ్నల పుట్టకి,

డాక్టరు రెండు చెవులకీ యంత్రాలు పెట్టాడు. ఇంట్లో పెట్టుకోవాలట, షెడ్డులో తీసేసి, మోత తగలకుండా చెవులకి మూతలు పెట్టుకోవాలట. ఉన్న వినికిడైనా మిగుల్తుందన్నాడు. మీ అన్నయ్యని కూడా మూతలు పెట్టుకోమన్నాడు. ఆయన వినపడనట్టు నటించారు.

మీటరు కలిపాం. పనికిరాని ముక్కలు బిగించి, చేత్తో హ్యాండిల్ తిప్పే జోరు కొంచెం కొంచెం పెంచుతూ నడిపాను. మా ఒప్పందం ఏమిటంటే, కట్టర్ అరిస్తే మీ అన్నయ్య చెయ్యెత్తాలి, నేను వెంటనే ముల్లు చూసి గాజు మీద స్కెచ్ పెన్నుతో గీత పెట్టాలి. ఇనుముకొక రంగు, ఇత్తడికొక రంగు. ఒక సంగతి చెబుతాను, నీ బోర్డుల పుస్తకాల్లో ఉందో లేదో. అరుపు మొదలవ్వడానికి కాస్త ముందే ముల్లు వణుకుతుంది. లేవదు, ముందు వణుకుతుంది. ఎందుకలాగ? కనుక్కుని రాయి.

నిన్న వ్యాపారి వచ్చాడు. మీ అన్నయ్య రావద్దని కబురు పెట్టలేదు, పెట్టమని నేనూ అడగలేదు. "నడిపి చూపించండి" అన్నాడాయన. బొగ్గు ఆ ఉదయమే నా చేత్తో బిగించాను. పొడుగు ఇనప ముక్క బిగించి, లివరు నెట్టాను. టేబుల్ కదిలింది అమ్మాయ్! నెమ్మదిగా, నున్నగా. మీ అన్నయ్య లేతు ఆపి వచ్చి నా వెనకాల నిలబడ్డారు.

ముక్క మధ్యలో ఎక్కడో గట్టి చోటు తగిలింది. ముల్లు వణికింది. నేను స్పీడు తగ్గించాను. ముల్లు సర్దుకుంది, టేబుల్ ఆగకుండా కొస దాకా వెళ్లింది. అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. మీ అన్నయ్య చెయ్యి సగం లేచి గాల్లోనే ఉంది. దాన్ని పూర్తిగా ఎత్తాలో దించాలో తెలియనట్టు నిలబడ్డారు.

మిషను ఆపేశాను. చెవుల మీంచి మూతలు తీశాను.

"బాగుంది, ఎప్పుడు తీసుకెళ్లమంటారు?" అన్నాడు వ్యాపారి.

"అమ్మటం లేదండి" అన్నారు మీ అన్నయ్య.

"మరి నన్నెందుకు పిలిచారు?"

మీ అన్నయ్య నావైపు చూస్తూ, ఆయనకి జవాబు చెప్పారు. గట్టిగా చెప్పలేదు. మామూలు గొంతుతోనే, "మా ఆవిడకేమన్నా అవుతుందని భయమేసిందండి" అన్నారు.

షెడ్డులో అన్నీ ఆగి ఉన్నాయి. ఆ మాట నాకు మొత్తం వినపడింది.

నీ వదిన